అంగడి బొమ్మ, నీళ్ళ రంగులు

చెంగల్రాయులు సారు పటం కట్టించి తెచ్చి
గల్లాపెట్టె పైన తగిలించినాడు.
మొదలియారు అద్దాలు తుడుచుకోని రెండు మార్లు చూసి
"బాగుండాది" అన్నాడు. అంతే,
కుక్కర్ల లెక్కలో పడిపోయినాడు.

నేను మాత్రం చీపురు గోడకానించి నిలబడిపోయినా.

చిత్తూరు బజారు వీధిలో మా పాత్రలంగడి గడప పక్కన
దండం పెట్టుకోని నిలబడుండే కొయ్య మనిషి.
మాధవమాలలో ఏకాంబరాచారి
గంగరావి దుంగలోంచి తీసినాడంట, నేను పుట్టకముందు.
పదకొండేండ్లుగా పొద్దున్నే వాడి మొహం తుడిచేది నేను.
గోర్ల సందుల్లో దుమ్ము, చెవి వెనక సాలెగూడు,
మోచేతి కింద ఎవురో పూసిపోయిన సున్నం.
వాడి ఒళ్ళు తెలిసినట్టు
మా ఇంటాయన ఒళ్ళు గూడా తెలీదు నాకు.

అందుకే తప్పులెతకను పోయినా.

దొరికింది ఒకటి. ముక్కు.
గ్యాసు బండల ఆటో తగిలి చెక్కుకుపోయిన ముక్కును
సారు తిన్నగా దిద్దేసినాడు.
"అబద్దం గదా సార్" అంటే
"వాడికీ ఒక పొద్దు బాగుండనీలే ధనకోటీ" అని నగినాడు.

"ఇంత మెరుపు! ఏం తెల్లరంగు సార్ ఇది?"
ముంజేతులు చూపించి అడిగినా.
వేయనే లేదంట.
ఆడ కాగితాన్ని కాగితంగానే వదిలేసినాడంట.
కొబ్బరినూనె గుడ్డతో నేను రుద్ది రుద్ది
కొయ్య నునుపు తేలిన చోటు,
సరిగ్గా ఆడనే
ఆయన చెయ్యి ఆగింది.

గడపరాతికి పూసిన బూదిరంగు మాత్రం
అడగాల్సిన పని లేదు.
ఆ పొద్దు కొళాయి రాలేదు.
కుంచె కడిగేదానికి నీళ్ళు లేక
నేల తుడిచిన నా బకెట్లోనే ముంచినాడు.
గుడిపాల మన్ను, యాదమరి మన్ను,
పెండ్లి బిందెలకొచ్చి బేరం కుదరక పోయినోళ్ళ
చెప్పుల మన్ను
అంతా కలిసి బొమ్మ కాళ్ళకింద
నీడై కూర్చోనుండాది.

ఇంకొకటి. చానాసేపటికి గాని కండ్లకానలేదు.
దండం పెట్టిన చేతులమింద
ఎర్రగళ్ళ గుడ్డ.
నేనే ఆరేసి, మరిచి, టీకి పోయినా ఆ పొద్దు.
కొసన ఒక చుక్క
పడబోతా ఉండాది,
ఇంకా పడలేదు.

గంగాళాలు దించాలని మొదలియారు కేకేసినాడు.
పోతా పోతా
బయట కొయ్య మనిషి ముక్కు తడిమి చూసినా.
చెక్కుడు అట్లనే ఉండాది.
గుడ్డ నా బుజం మింద.