సత్తు గిన్నె

చీమకుర్తిలో రాళ్లు కోసే మిషన్ల వెనక
తెల్లటి బురదలో దొరికింది.
"ఏడు పిల్లలమ్మా, ఎండిపోయిన తల్లి"
అన్నాడు వాచ్‌మన్ సుభానీ.

మూడో రోజు
గిన్నె పక్కకి దొర్లిన బంతి కోసం వంగింది మా కెజియా.
కుక్కపిల్ల మెడ బిగిసింది, తోక ఆగింది,
మింగడం మాత్రం వేగమైంది.
అంతా చూశాను గాని
చదవడం రాలేదు.
బొటనవేలి మీద రెండు ఎర్ర చుక్కలు.
ఒంగోలు ఆసుపత్రి, సూదులు.

ప్రేమదాసు చెప్పు తీశాడు.
ఆ దెబ్బతో గుర్రు ఆగిపోయింది.
"దారికొచ్చింది చూశావా" అన్నాడు.
వారం తిరక్కుండా
చప్పుడే లేకుండా కరిచింది, ఆయన్నే.

పశువులాసుపత్రి మస్తానమ్మ నవ్వింది:
"హారన్ పీకేసి లారీ తోల్తన్నారు మీరు.
గిన్నెలోంచి తియ్యబాకండి.
వెయ్యండి."

గడప కాడ నుంచి ఎండుచేప ముక్క విసిరి
ఆగకుండా పోవడం.
నాలుగు రోజులకి స్తంభం కాడ నుంచి.
ఉరుములొచ్చిన రాత్రి తర్వాత
మళ్లీ గడప కాడికే.

ఎన్నాళ్లయిందో.
నిన్న నా అడుగు వినపడితే
గిన్నెలోంచి తలెత్తింది,
ఏం తెచ్చావన్నట్టు.

రాత్రి అన్నాల కాడ
ప్రేమదాసు ఎడం చెయ్యి
కంచం చుట్టూ గోడ కట్టి ఉంది.
హాస్టల్లో పెరిగాడు.
ఏమీ అనలేదు నేను.
అడక్కుండానే ఇంకో చేప ముక్క వేసి
నా పనిలో నేను పోయాను.

ఆ చెప్పుని మాత్రం ఎవరికీ ఇవ్వదు.
మంచం కింద దాని మీద గడ్డం ఆనించి
పడుకుంటుంది,
దగ్గరికెళితే గుర్రుమంటుంది.
అననీ.
వినపడుతోంది కదా.