వెనక గోడ

నస్రీన్ మేడమ్ గాజు గిన్నె నా ముందుకి జరిపి
"ఇందులో ఏమున్నాయో ఏరు సలోమీ" అంటారు.
సూర్యలంక నుంచి బస్సులో వచ్చిన ఇసుక,
పెరుగు డబ్బాలో, మూతకి రబ్బరు బ్యాండు.

బియ్యంలో రాళ్ళేరిన చేతులివి.
కాలేజీలో అటెండరు పని దొరక్కముందు
మిర్చి యార్డు పక్కన తొడిమలు తీసిన చేతులు.
మొదటి రోజు కంటికి వేలు తగిలి
మైక్రోస్కోపు ముందే ఏడ్చాను.
దుఃఖమేమీ కాదు, కారం.

ఇప్పుడు సన్న కుంచె నీళ్ళలో ముంచి
ఒక్కో రేణువునీ పక్కకి నెడతాను.
గాజు పెంకు. అభ్రకం. ఏదో జీవి ముల్లు.
మళ్ళీ ఇసుక.
మళ్ళీ ఇసుక.
క్యాంటీన్ టీ చల్లారి మీగడ కట్టాక
అదిగో,

ఆవగింజకి అన్న, బియ్యపు నూకకి తమ్ముడు.
తెల్లటి గొట్టం, కొంచెం వంగి,
నిద్రపోతున్న పసిపిల్లకి గోరు తీస్తే
ఒళ్ళో రాలే ముక్కలాగా.

"నత్తే" అంటారు మేడమ్.
నేను నమ్మను. నత్తంటే చుట్ట కదా,
వానల్లో మా బాత్రూమ్ గోడెక్కేది,
జిలేబీ తిరిగినట్టు తిరిగి తిరిగి తనలోకే పోయేది.

"చుట్టతోనే పుడుతుంది.
తర్వాత గొట్టంగా సాగుతుంది.
సాగాక, పుట్టిన చుట్టని విరిచి వదిలేస్తుంది.
విరిగిన చోట లోపలి నుంచి తనే గోడ కట్టుకుంటుంది.
ఈ ప్రజాతి పేరు సీకమ్.
లాటిన్‌లో గుడ్డిదని అర్థం."

"కళ్ళుండవా మేడమ్?"

"ఎందుకుండవు? వెనక దారి మూసుకుపోయింది, అంతే."

అంతే.

సంగడిగుంటలో మా ఇల్లిప్పుడు రైలు పెట్టెలా ఉంటుంది.
ముందలా ఉండేది కాదు.
రోడ్డు వెడల్పు చేసిన ఏడాది
కార్పొరేషన్ వాళ్ళు ఎర్ర రంగుతో నేల మీద గీత గీశారు.
గీతకి అవతల వంటగది, నీళ్ళ కుండీ,
మా అమ్మ నన్ను కన్న నులక మంచం పట్టే మూల.
ఇవతల మేం.

జేసీబీ పొద్దున ఏడింటికి వచ్చి
ఇడ్లీ బండి దుకాణం కట్టే వేళకి పని ముగించుకుని పోయింది.
ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుంటే తిన్నగా రోడ్డు కనిపించింది.
మా వంటగది మీదుగా సత్తెనపల్లి బస్సు పోయింది.
ఆటోలో ఎవరిదో పిల్లాడు
అరటిపండు కొరకడం మరిచిపోయి
మా పక్కలూ, గిన్నెలూ, మమ్మల్నీ చూశాడు.

మా ఆయన ఏసోబు మాట్లాడకుండా సిమెంటు కలిపాడు.
బయట నిలబడే జాగా లేదు,
లోపలి నుంచే కట్టుకుంటూ వచ్చాడు.
పైన ఒక్క ఇటుక సందు మిగిలినప్పుడు
చెయ్యి ఆపి, అందులోంచి ఒకసారి చూసి,
పెట్టేశాడు.

గిలాబా లోపలి వైపే. బయట ఇటుకలింకా పచ్చిగానే ఉన్నాయి,
కోచింగ్ సెంటర్ల పోస్టర్లకి పనికొచ్చాయి.
ఎండాకాలం ఆ గోడకి చెయ్యానిస్తే
పొయ్యి పక్కన ఉన్నట్టే ఉంటుంది.

"వదిలేసిన చుట్టలేమవుతాయి మేడమ్?"
ఈ ప్రశ్నకి ఆమె కళ్ళజోడు తీశారు.
"ఇసుకలోనే ఉంటాయి కాబోలు.
వాటినెవరు లెక్కపెడతారమ్మా."

మేడమ్ రిజిస్టర్‌లో వాటికి గడి లేదు.
గొట్టాలు దొరికితే చీటీ రాస్తారు,
ఏ తేదీ, ఏ తీరం, ఏరింది బి. సలోమి అని.
ఆమె క్లాసుకి వెళ్ళినప్పుడు
నేను మళ్ళీ మొదటి నుంచి, ఏరేసిన ఇసుకే ఏరతాను.
చుక్కంత చుట్ట, ఒక వైపు విరిగిన అంచు.
ఖాళీ హోమియో సీసాలో వేస్తాను.

ఇవాళ్టికి పదకొండు.
నిజంగా అవేనో, వేరే నత్తల పిల్లలో,
అడగలేదు.

సీసా ఆ గోడకి కొట్టిన చెక్క మీద,
ఉప్పు డబ్బా పక్కన.
చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాదు.
బస్సు పోయినప్పుడు మాత్రం
గోడతో పాటు సన్నగా వణుకుతుంది.