నవ్వులు

మొదటి రోజు ఆయన గుర్రాలవైపు చూడలేదు.
కంచె పక్క బురదలో నిలబడ్డ
సాయీసుల కాళ్లవైపు చూశాడు.
పదిహేడు జతల్లో పదకొండు
తన ఫ్యాక్టరీ రబ్బరు బూట్లే.
మిగతా ఆరింటి సంగతి
సోమవారం చూద్దామని
జేబు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆర్చిబాల్డ్ గిల్‌క్రైస్ట్.
న్యూజిలాండ్ దక్షిణపు కొసన
వాన ఎక్కువ, బురద ఇంకా ఎక్కువ.
ఆ రెండింటిమీదా మేడ కట్టినవాడు.

గుర్రం ఆయన కొన్నది కాదు.
అప్పు తీర్చలేని ఓ దాణా వర్తకుడు
ఆడపిల్ల గుర్రాన్ని తెచ్చి గేటుకు కట్టేసి
వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.
పేరు లేట్ ఫెర్రీ.
గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని
గొణుక్కుంటూనే బిల్లులమీద సంతకాలు పెట్టాడు.
అది గుడ్డిది కాదు.
ఆ చలికాలం నాలుగు పందేలు గెలిచింది.
నాలుగోసారి ఆయన టోపీ తీసి,
ఏం చేయాలో తోచక
మళ్లీ పెట్టుకోవడం నేను చూశాను.

మా క్లబ్బు అప్పుల్లో ఉంది.
లెక్కలు తెలిసినవాడని ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశాం.
మినిట్స్ రాసేది నేను.
మొదటి సమావేశం, ఆరో అంశం:
ట్రాక్‌కు నీటి పైపులు, ఎనిమిది వేల డాలర్లు.
"వాన ఊళ్లో నీళ్లు కొనడమేమిటి?" అన్నాడు.
బల్లచుట్టూ అందరం నవ్వాం.
నేను 'నవ్వులు' అని రాసి,
మర్యాద కాదనిపించి కొట్టేశాను.

ఆ జనవరిలో ఐదు వారాలు వాన లేదు.

మూడో పందెం.
మాక్రోకార్పా చెట్ల దగ్గరి మలుపు.
పెన్సిల్ విరిగినంత చిన్న చప్పుడు.
జాకీ టూయీ పరాటా ఎగిరి పడింది,
మెడ కింది ఎముక రెండు ముక్కలు.
లేట్ ఫెర్రీ లేచింది,
మూడు కాళ్లమీద, పందెం ఇంకా ఉందనుకుని.
ఆకుపచ్చ తెర అడ్డం పెట్టారు.
ఆయన మెరిసే తోలు చెప్పుల్లోనే పరుగెత్తి వచ్చి
తెర లోపలికి వెళ్లాడు.
బయటికి వచ్చినప్పుడు
కోటు చేయంతా నురగ.

తరువాతి సమావేశంలో
పాత మినిట్స్ పైకి చదవమన్నాడు.
ఆరో అంశం చదివాను.
"ఇక్కడేదో కొట్టేశావు."
చెప్పాను.
"మళ్లీ రాయి."
అందరిముందూ రాశాను.
సిరా ఆరేదాకా ఎవరూ మాట్లాడలేదు.

తరువాత ఇరవై రెండేళ్లు.
పొద్దున ఐదింటికి, తన బూట్లేసుకుని,
గీతలు చెక్కిన కర్రను నేలలో గుచ్చుతూ
ట్రాక్ చుట్టూ ఒక్కడే.
పైపులకు గోదాము అమ్మాడు.
టీ గుడిసెలో బట్టలు మార్చుకునే ఆడ జాకీలకు
గొళ్లెమున్న గది కట్టించాడు.
ఒకసారి కప్పు రోజున కర్ర దిగలేదు.
నాలుగు వేలమంది అరుస్తుంటే పందేలు ఆపేశాడు.
ఎవరో విసిరిన మాంసం పై భుజంమీద పగిలింది.
గ్రేవీ తుడుచుకుని, వేలు నాకి,
"ఉప్పు తక్కువ" అన్నాడు.

రాజధానినుంచి మంత్రులు ఫోన్ చేసేవారు.
పత్రికలు 'రేసుల పెద్దాయన' అన్నాయి.
ఆయన మళ్లీ గుర్రాన్ని ఉంచుకోలేదు.

ఇదీ చెప్పాలి:
అదే ఏళ్లలో ఫ్యాక్టరీ మూసి
పనిని చవకైన సముద్రాల అవతలికి పంపాడు.
నూట నలభైమంది.
మా వీధిలో కొందరు ఇప్పటికీ
ఆయన పేరు వస్తే కిటికీ మూస్తారు.
ఆ నేలలో ఆయన కర్ర గుచ్చి చూడలేదు.
అది మినిట్స్‌లో లేదు, నా పనీ కాదు.
అయినా రాశాను. కొట్టేయను.

ఆ కర్ర ఇప్పుడు నా దగ్గరుంది.
ఈ ఉదయం మాక్రోకార్పా మలుపులో గుచ్చాను.
టూయీ ఇప్పుడు ట్రైనర్,
చలికి ఆ పాత ఎముక నొక్కుకుంటూ
గుర్రం పక్కన నిలబడింది.
"ఎంత?"
"రెండు గీతలు."
తలాడించి
జీను పట్టీ బిగించింది.