కుయ్‌మనని రోజులు

లిమాలో వాన పడదు.
మంచుకీ చినుకుకీ మధ్య ఏదో ఒకటి
ఆసుపత్రి డాబా మీద నెలల తరబడి వేలాడుతుంటుంది.

ఆ తడిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ
ఎడెల్మిరా ఇనుప మెట్లెక్కుతుంది.
కింద క్షయ వార్డు.
పైన రేకుల షెడ్డులో తొంభై గినీపందులు.
మధ్యలో ఒక లావుపాటి గొట్టం:
బస్సు కండక్టరు సతుర్నీనో రాత్రంతా దగ్గిన గాలి
అందులోంచి పైకొచ్చి
వీటి మీసాలను కదిలిస్తుంది.

వాళ్ళ భాషలో ఈ జంతువు పేరే దాని అరుపు.
కూయ్.
అయకూచోలో, అమ్మమ్మ వంటింట్లో
పొయ్యి పక్కనే గుంపుగా తిరిగేవి.
కొత్త కాలు గడప దాటిందా,
కుయ్ కుయ్‌మని ఇల్లు పీకి పందిరేసేవి.
ఇక కుక్కెందుకు, అనేది అమ్మమ్మ.

ఊపిరితిత్తికి ఆ తెలివి లేదు.

కింది అంతస్తు ప్రయోగశాలలో
తేదీ రాసి మరీ సోకించినవి ఉన్నాయి.
మూడో రోజు కోసి చూశారు, ఏడో రోజు చూశారు.
గాలి గదిలో కాపలా కణం
వచ్చినదాన్ని దుమ్మే అనుకుంది,
రోజూ మింగే పొయ్యిమసిలాగే మింగింది,
మింగి గుట్టుగా కూచుంది.
అరగలేదు.
ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి,
కబురు మాత్రం బయటికి పోలేదు.
రెండు వారాలు దాటాక
టి-కణాలు రొప్పుతూ వచ్చేసరికి
అక్కడ అప్పటికే ఓ కాపురం, పిల్లాజెల్లా.
ఇక చేయగలిగింది చుట్టూ గోడ కట్టడమే.

డాబా మీద తేదీలు లేవు.
నెలకోసారి పక్క బొచ్చు గొరిగి, సూదేసి,
మర్నాడు స్కేలు పెట్టి వాపు కొలుస్తుంది.
నలభై ఏడో నంబరుకి పద్నాలుగు మిల్లీమీటర్లు.
"ఎప్పుడే నీకు?" అంటుంది క్వెచువాలో.
అది గడ్డి నములుతుంది.

సతుర్నీనోదీ అదే గోల:
"నా బస్సెక్కిన ప్రతివాడి దగ్గరా చిల్లర గుంజాను సెన్యోరా,
వీడొక్కడే
ఏ స్టాపులో ఎక్కాడో చూళ్ళేదు."

రిజిస్టరు మూసే ముందు
ఎడెల్మిరా ఎడమ ముంజేతిని తడుముకుంటుంది.
పందొమ్మిదేళ్ళప్పుడు, నర్సింగ్ బడిలో,
బాల్‌పెన్నుతో గీసి కొలిచారు. పన్నెండు.
జబ్బు కాదమ్మా, అన్నారు,
లోపల ఉందంతే.
ఎక్కడో ఓ కణం
ఇరవై రెండేళ్ళుగా
నోట్లో పెట్టుకుని కూచుంది.
కుయ్‌మనలేదు.

గొళ్ళెం చప్పుడు కాగానే
వెనక తొంభై గొంతులూ ఒక్కసారి లేస్తాయి.
ఆమె ఆగుతుంది.

ఏం లేదు, ఆకలికి.