అరలీటరు సీసా

నారిన్ నుంచి వచ్చి మంచులో వ్యాను దిగేసరికి
నా సంచిలో ఒక సర్టిఫికెట్టు,
పన్నెండు పేజీల మార్గదర్శకాలు,
రెండు నీలం పంపులు,
ఊపిరి కొలిచే ముల్లున్న గొట్టం ఒకటి.
పంపుకీ నోటికీ మధ్య పెట్టాల్సిన స్పేసర్ మాత్రం
"తర్వాత పంపిస్తాం" అన్నారు.
తర్వాత అనేది కనుమకి అవతల ఉంటుంది.
కనుమ మార్చిదాకా తెరవరు.

నేను డాక్టర్ని కాను, ఫెల్షర్ని.
మూడు ఊళ్ళకి ఒక గది, ఒక త్రాసు,
పొయ్యి రాజుకునేదాకా పలకని బీపీ మిషను.

పొద్దున్నే కలీచా మనవణ్ణి ఎత్తుకొచ్చింది.
నూర్దోలోత్, ఆరేళ్ళవాడు.
వాడి గుండెల్లో పిల్లికూతలు
వాడికంటే ముందు గుమ్మం దాటొచ్చాయి.
డొక్కలెగరేస్తూ
మాటకీ మాటకీ మధ్య గుక్క వెతుక్కుంటున్నాడు.
"గొర్రెతోక కొవ్వు కరిగించి పట్టించాను.
పంపు మాత్రం వద్దు. అలవాటైతే వదలదట."

పేజీ నాలుగు: మందు స్పేసర్‌తో ఇవ్వాలి.
పేజీ ఏడు, అడుగున, చీమతలంత అక్షరాల్లో:
లేనిచోట అరలీటరు ప్లాస్టిక్ సీసా చాలు.
శిక్షణలో ఆ పేజీ దగ్గరే
టీకి లేచాం అందరం.

ఎక్కడో సముద్రమున్న ఊళ్ళో
ఎవరో పిల్లల మూతికి సీసా పెట్టి
అంకెలు రాసుకుని ఉంటారు.
ఆ పిల్లల్లో ఎవడిదో ఆయాసం
ఇన్ని కొండలెక్కి
ఈ చలిగదికి చేరింది.

వ్యాను డ్రైవరు పారేసిన నీళ్ళసీసా కడిగాను.
తీగ కాల్చి, అడుగున పంపు మూతంత కంత.
కాలిన ప్లాస్టిక్ కంపు పోయేదాకా కిటికీ తెరిస్తే
కలీచా నన్ను తిట్టింది.
పంపు దూర్చి చుట్టూ ప్లాస్టర్ అతికించాను.
ఒక నొక్కు. అయిదు ఊపిరులు.
మళ్ళీ నొక్కు.
వాడు నా వేళ్ళు పట్టుకుని
తనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు,
నాలుగు తర్వాత ఆరు.

కాసేపటికి పిల్లి
వాడి గుండెల్లోంచి దిగి ఎటో పోయింది.
"సీసా వైద్యమని ఎవరికీ చెప్పకు,
నవ్వుతారు" అంది కలీచా.

పేజీ తొమ్మిది: ఇంట్లో పొగ తగ్గించాలి.
నాలుగే మాటలు.
వాళ్ళింట్లో పేడకణికల పొయ్యి,
అతుకు వీడిన పొగగొట్టానికి తడిగుడ్డ కట్టు.
"వేసవిలో గుడారానికి నడినెత్తిన తుండుక్ ఉంటుంది,
పొగకి దాని దారి తెలుసు.
ఈ ఇల్లు కట్టినవాళ్ళు ఆ కంత మర్చిపోయారు."
కిటికీ తీయమన్నాను.
"పొగ లేని చలికంటే
చలి లేని పొగ నయం బిడ్డా."
ఈ మాట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.
చేతులు నల్లబడేదాకా ఇద్దరం కూర్చుని
పాలపొడి డబ్బా రేకు చుట్టి,
మట్టీ బూడిదా ఉప్పూ కలిపి మెత్తాం.

నెలాఖరు రిపోర్టులో ఒక గడి ఉంది:
శిక్షణ అమలైందా? అవును / కాదు.
వెల్డర్ బేక్‌తుర్ సిగరెట్టు మానలేదు.
పంపిచ్చిన బడి వంటమనిషి
దాన్ని అత్తరులా మెడకి కొట్టుకుంది.
నూర్దోలోత్ మాత్రం నిన్న
మంచులో గాడిదని తరిమాడు.
కలం సిరా గడ్డకట్టేదాకా
ఆ గడి ముందు కూర్చున్నాను.

తలుపు తోసుకుని కలీచా వచ్చింది,
ఈసారి ఒక్కతే.
తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.
వాతావరణం గురించి, గొర్రెల గురించి చెప్పింది.
లేవబోతూ అడిగింది:
"ఆ సీసా ముసలాళ్ళకీ పనిచేస్తుందా?"

గొట్టం చేతికిచ్చాను.
పెదాలు గట్టిగా బిగించి, పుస్తకంలో ఉన్నట్టు,
ఒక్కసారిగా బలంగా అని మొదలుపెట్టి ఆగిపోయాను.
"పొయ్యి ఊదినట్టు ఊదమ్మా" అన్నాను.

అది ఆమెకి అరవై ఏళ్ళుగా వచ్చు.
ఊదింది.
ముల్లు కొంచెం కదిలి ఆగింది.

ఆమె ముల్లు వంక చూడలేదు,
నా ముఖంలోకి చూసింది.