మంచం దించే పాఠం

మందస ఆసుపత్రి మేడ మీద గది.
కిటికీలోంచి జీడిపిక్కలు కాలుతున్న కమురు.
పద్నాలుగు మంది ఆశాలు, ఇద్దరు ఏఎన్‌ఎమ్‌లు,
తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను.
మూడు రోజుల పాఠాన్ని సంచీలో మోసుకొచ్చిన
పెద్దాసుపత్రి నర్సుని నేను.

మొదటి రోజు గోడకి పటం తగిలించాను.
సున్నా దగ్గర నవ్వే ముఖం,
పది దగ్గర కన్నీళ్ళ ముఖం.
"నొప్పి ఎంతో నంబరు అడగండి" అన్నాను.

బైరి దాలమ్మ లేచింది:
"నంబరు రేషను కార్డుకుంటాదమ్మా,
నెప్పికేటుంటాది?
మా కాడ సలుపున్నాది, పోటున్నాది,
తీపున్నాది, మంటున్నాది,
రేత్రి అందరూ తొంగున్నాక
ఎవులో పేరెట్టి పిలిసినట్టు
లోపల్నుంచి లాగీసే లాగుడున్నాది.
ఏది ఏటో తెలిస్తే గదా మందు."

సుద్దముక్క తీసుకున్నాను.
బోర్డు నిండిపోయింది,
ఆడవాళ్ళు ఇంకా చెబుతూనే ఉన్నారు.

రెండో రోజు నోరు తడపడం.
మెత్తని గుడ్డ, కాచి చల్లార్చిన నీళ్ళు,
రెండు గంటలకోసారి.
కొండ దిగి వచ్చిన సవర చామంతి
అప్పటిదాకా పెదవి విప్పలేదు.
నన్ను కాదు, పక్కామెని అడిగింది:
"నీళ్ళేనా?"

ఆఖరి నెలలో వాళ్ళయ్యకి నీళ్ళు చేదెక్కాయట.
జీలుగు కల్లులో వేలు ముంచి
పెదవికి రాస్తే చప్పరించాడట,
చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడట.
డాక్టరుగారు తిడతారని
ఇన్నాళ్ళూ దాచిందట.

నా పుస్తకంలో కల్లుకి పేజీ లేదు.
"ఎన్ని చుక్కలు?" అన్నాను, అలవాటుగా.
"అయ్యకి లెక్కెడతామా?" అంది.

మూడో రోజు, ఇక సర్దుకుందాం అనుకుంటుండగా
కవిటి వైపు నుంచి వచ్చిన ఊర్మిళ:
"పేనం పోయే ముందు మంచం దించుతాం కదమ్మా..."

గదిలో ఫ్యాను కూడా వింది.
పదకొండేళ్ళుగా ఆ మాటకి నాది ఒకటే జవాబు:
కదపకండి.
నా చేతుల్లో మంచం మీదే పోయినవాళ్ళ కొడుకులు
నన్ను తప్పించుకుని నేలవైపు చూసిన చూపులు
నాకు ఇంకా బాకీ ఉన్నాయి.

"కిడ్నీలు పోనోడు, ఉచ్చ సంచీ ఉన్నోడు,
ఒళ్ళంతా పుండైనోడు.
ఎలగ దించాలో సెప్పండి.
దించొద్దంటే మీరెలిపోనాక దించీస్తారు,
బియ్యం బస్తాని దించినట్టు."

వాచ్‌మన్ నులక మంచం తెప్పించాం.
రోగిగా పడుకోమంటే
ఎవరి కాళ్ళూ ముందుకు పడలేదు.
అపశకునమని తెలుసు.
చెప్పులు విప్పి నేనే పడుకున్నాను.

"ముందు సంచీ," అన్నాను పడుకునే,
"నడుం కంటే కిందే ఉండాలి."
దుప్పటి అంచులు చుట్టి
నలుగురు నాలుగు మూలలా పట్టుకున్నారు.
"తల దచ్చినానికి తిప్పండే," దాలమ్మ.
ఏఎన్‌ఎమ్ ఒకటి, రెండు అనబోతే
గద్దించింది:
"అంకెలెందుకే? సెవి ఆకర్న పోద్ది.
'అమ్మా, దించుతన్నాం' అని
ఆ మనిసికే సెప్పు."

మొదటిసారి మోచెయ్యి ఠంగుమంది.
"రోగి పోనాది" అన్నారెవరో.
గదంతా నవ్వు, చామంతి అందరికంటే ఎక్కువ.
రెండోసారి సంచీ గొట్టం మెలిపడింది.
మూడోసారి, "అమ్మా" అన్న మాట వినబడింది,
నేల ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

చల్లగా ఉంది.
వెంటనే లేవాలనిపించలేదు.
వంగి చూస్తున్న పదహారు ముఖాలు,
వాటిలో ఒక్కటీ నా పటంలో లేదు.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది:
నేర్పిన నైపుణ్యాలు.
కలం పట్టుకుని కూర్చున్నాను.
దుప్పటి మడతపెడుతూ దాలమ్మ:
"మందుల సంచీలో
గట్టి దుప్పటొకటి ఎయ్యమని రాయండమ్మా.
ఇది అంచు సిరిగిపోనాది."