గుర్రం చప్పుడు కోసమే

బాక్స్ హిల్ ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
మంగళవారం పదకొండింటికి లియోంగ్ గారు.
నలభై ఏళ్ళు ఈ ఊరి దుకాణాల నుదుట
పేర్లు రాసిన చెయ్యి.
స్టేషన్ ఎదుట బేకరీ బోర్డు ఆయనదే,
పక్కన పళ్ళ డాక్టరుదీ.

మెదడు వెనక, ఎడమ పక్కన,
ఇరవై సెంట్ల బిళ్ళంత మరక.

కాగితమిచ్చి ఏదైనా రాయమన్నాను.
'ఈ పూట సూప్ చల్లారిపోయింది' అని ఇంగ్లీషులో
ఒక్క తప్పు లేకుండా,
అక్షరాల పాదాలన్నీ కనపడని గీత మీద నిలబెట్టి
రాసిచ్చారు.
అదే కాగితం ఆయన వైపు తిప్పాను.
'ఎవరు రాశారిది?' అన్నారు.

ఎస్. ఓ. యు.
పి దగ్గరికొచ్చేసరికి ఎస్ చెయ్యి విడిపించుకుంటుంది.
బడిపిల్లల్ని రోడ్డు దాటిస్తున్న టీచరమ్మలా
మాటిమాటికీ వెనక్కి చూస్తారు,
మళ్ళీ మొదటి నుంచి లెక్క.

చైనా పేపరు ముందు పెట్టాను.
చూపు ఆగిపోయింది.
చూపుడువేలు ఒక్కటే దుప్పటి మీద కదిలింది:
అడ్డం, నిలువు, మెలి తిరిగిన కొక్కెం,
మళ్ళీ నిలువు, నాలుగు చుక్కలు.
'వాన' అన్నారు.
కిటికీ బయట నిజంగానే పడుతోంది.
ఆయన అటు చూడనే లేదు.

పొంగిపోయి ఆయన కూతురితో అన్నాను:
మీవి బొమ్మలు కదా, అందుకే మిగిలాయి,
కిటికీ, కిటికీలో చినుకులూ.
సూ లిన్ కమలాపండు ఒలుస్తోంది. తలెత్తలేదు.
'బొమ్మలని నీకెవరు చెప్పారు?
అమ్మ అని రాయాలంటే
ఆడమనిషిని నిలబెట్టి పక్కన గుర్రాన్ని కడతాం.
మా అమ్మ ఏనాడూ గుర్రమెక్కలేదు.
గుర్రం చప్పుడు కోసమే.
మేమూ వింటాం.
కళ్ళొక్కటే చదువుతాయనుకుంటారు మీరంతా.
నాన్న వేలు చూడలేదా?'

ఒక తొన నా చేతిలో పెట్టింది,
కసురుకున్నందుకు కాబోలు.

ఆ రాత్రి ట్రామ్‌లో, చదువుతుండగా
నన్ను నేను పట్టుకోవాలని చూశాను.
కుదరలేదు.
తల తిప్పేలోపే బోర్డు చదివేసి ఉన్నాను.
ఫోన్లో చెల్లెలి మెసేజ్:
'ఇస్త్రీపెట్టె కాలిపోయిందే!'
నెత్తిన గుడి దీర్ఘం, కాళ్ళ కింద తావత్తు,
చుట్టుకుని క్రావడి.
విడివిడిగా పలకరించానా ముగ్గుర్నీ,
మేడ మొత్తం ఒక్క గుక్కలో మింగానా?
రెండో తరగతిలో మటుకు వేలు పెట్టుకుని
ఒక్కో ఒత్తూ మెట్టు మెట్టుగా దిగేదాన్ని,
అడుగున ఏముందో అని భయపడుతూ.

మరుసటి మంగళవారం
ఆయన నా బ్యాడ్జీ దగ్గర ఆగిపోయారు.
ఏడు ఇంగ్లీషు అక్షరాలు, ఒకదాని వెనకొకటి క్యూ కట్టి.
చదవగలిగినవాళ్ళకే ఈ వార్డులో నోరు తిరగదు,
యోట్స్నా అంటారు, జాట్స్ అంటారు.
మీ రాతలో రాయమని సైగ చేశారు.

జ్యోత్స్న.

ఇక్కడ రెండే గదులు.
త గడపలోనే స, న ఒదిగి సర్దుకున్నాయి.

చాలాసేపు చూశారు.
వేలు దుప్పటి మీద ఒకసారి, రెండుసార్లు.
తర్వాత బ్రష్ పెన్ అడిగి
అడుగున నావత్తుతో మొదలెట్టి పైకి కట్టుకొచ్చారు.
వకుళ టీచరైతే స్కేలుతో ఒక్కటిచ్చేది.
గుండ్రాలన్నిటికీ మూలలొచ్చాయి.
తలకట్టు చూరులా చివర కొంచెం పైకి లేచింది.
అయినా నా పేరే,
మా ఇంటివాళ్ళు కాని చేతిలో
ఈ దేశంలో మొదటిసారి.

'చదవండి' అన్నాను అలవాటుగా.
పెన్ను మూత పెట్టి,
ఆ వేలితోనే నన్ను చూపించారు.

రిపోర్టులో, పదాలు చదవడం:
పదికి సున్న.
పేర్లు ఆ లెక్కలోకి రావు.